ఎడమ చెవిలో సిగరెట్టు కాయితం

మొన్న జలుబు చేసి ఎడమ చెవి మూసుకుపోయినట్టుంటే బందరులో కొత్తగా పెట్టిన చెవి ముక్కు గొంతు ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ మా అబ్బాయి ఈడుది. చెవిలో పుల్లంత సన్నటి కెమెరా పెట్టి, ఎదురుగా ఉన్న టీవీ వైపు చూడమంది. నా చెవి లోపల ఏముందో నేను చూడటం అదే మొదటిసారి. యాభై ఏళ్లకి పైగా మోస్తున్నానన్న మాటే గాని దానితో నాకు పరిచయం లేదు. ముత్యపు చిప్ప లోపలి వైపులా మెరుస్తూ ఒక పొర కనబడింది. ఆ పొర కింది భాగంలో కందిగింజంత చోట మాత్రం మెరుపు లేదు. అక్కడ మరీ పల్చగా, అవతలి వైపు కనబడుతుందా అన్నట్టుంది. డాక్టరమ్మ కెమెరా అక్కడే ఆపి కాసేపు చూసింది.

"ఇక్కడ ఎప్పుడో చిల్లు పడి మూసుకుందండీ. కర్ణభేరికి మూడు పొరలుంటాయి. మీకు ఇక్కడ రెండే వచ్చాయి, మధ్యది రాలేదు. అందుకే పల్చగా ఉంది. వినడానికైతే ఏ లోటూ లేదు," అంటూ చెవి వెనక వేలితో తడిమి చూసింది. "కోసిన గుర్తు కూడా లేదే! ఆపరేషన్ లేకుండానే మూశారన్నమాట. ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదండీ. ఎవరు చేశారండీ ఇది?"

జవాబు నోటిదాకా వచ్చింది. కానీ అది చెప్పేలోపే నేను పదో తరగతి చదివిన ఆ ఏడాదంతా ఒక్కసారిగా మీద పడింది. దాన్ని పక్కకి తోసి జవాబు చెప్పడం నావల్ల కాలేదు.

అప్పట్లో మేం గుడివాడలో కాలవగట్టుకి దగ్గర్లో అద్దెకుండేవాళ్లం. నాన్న బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వచ్చే నాన్నని మనిషి కనబడకముందే వాసనతో పోల్చుకునేవాళ్లం. డీజిలు, చెమట, తోలు సంచి, టిక్కెట్ల సిరా కలిసిన వాసన అది. గుమ్మంలో చెప్పులు విడిచి, విజిల్‌ని మేకుకి తగిలించి, చెంబెడు నీళ్లు నిలబడే తాగి, కాసేపు అటూ ఇటూ తిరిగాక గాని కూర్చునేవాడు కాదు. రోజంతా నిలబడ్డవాడు చటుక్కున కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయని ఆయన సిద్ధాంతం. ఖాకీ బట్టలు అమ్మని ముట్టుకోనిచ్చేవాడు కాదు. "నా మురికి నేనే ఉతుక్కుంటాలేవే" అని నూతి దగ్గర కూర్చుని సబ్బు బిళ్ల అరిగిపోయేలా రుద్దేవాడు. అమ్మకి అది చిన్నతనంగా ఉండేది. చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారని గొణిగేది. నాన్న ఆ గొణుగుడు విననట్టే పాట ఎత్తుకునేవాడు.

పాటంటే నాన్నకి ప్రాణం. ఆదివారం తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని మా చర్చిలో కీర్తనలు ఎత్తుకునేది ఆయనే. పుస్తకం చేతిలో ఉండేది గాని తెరిచిన గుర్తు లేదు. గొంతు మాత్రం వారమంతా "గూడూరు, బందరు" అని అరిచి అరిచి అరిగిన గొంతు. కింద బాగానే నడిచేది. చరణం పైకి వెళ్లేచోట జీర పోయి, రెండుగా చీలి, ఒక క్షణం ఆగి, మళ్లీ అందుకునేది. సంఘంలో ఎవరూ దాన్ని లోపం అనుకోలేదు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, సరిగ్గా ఆ చీలిన చోటే కళ్లు మూసుకునేవారు. నాకు మాత్రం పదిహేనేళ్లు. ఆ వయసులో కన్నతండ్రి గొంతు పదిమందిలో చీలితే తలెత్తుకోలేకపోయేదాన్ని.

ఆ ఏడు నాకు బాప్తిస్మం ఇవ్వాలని అనుకున్నారు. మా సంఘంలో చంటిపిల్లల మీద నీళ్లు చల్లరు. తెలివొచ్చి, ఇష్టపడి ఒప్పుకున్నవాళ్లని కాలవలో నిండా ముంచి లేపుతారు. అది అయితేగాని నెలకోసారి చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసం ముట్టుకోవడానికి లేదు. దాన్ని మేం బల్ల తీసుకోవడం అంటాం. ఎండాకాలం కట్టేసిన కాలవలు తొలకరికి వదులుతారు. కొత్త నీళ్ల మురికి తేరాక బాప్తిస్మాలు. నాన్న నాకు తెల్ల ఓణీ కొని, అది మాసిపోకుండా పాత దుప్పట్లో చుట్టి పెట్టెలో పెట్టాడు. "ఇహనుంచి నా పక్కనే కూర్చుని బల్ల తీసుకుంటావే చిట్టీ" అని రోజుకోసారైనా అనేవాడు. చిట్టి నా ముద్దుపేరు. అసలు పేరుతో నన్ను ఇంట్లో ఎవరూ పిలిచేవారు కాదు.

కాలవలు వదిలిన వారమే జరిగింది అది. శనివారం సాయంత్రం చర్చి వరండాలో పాటల ప్రాక్టీసు. నాన్న డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైంది. పిల్లలం ఊరికే కూర్చోలేక అల్లరి మొదలుపెట్టాం. నేను పాటల పుస్తకాల సంచి భుజాన తగిలించుకుని, నోట్లో రెండు వేళ్లు పెట్టి విజిల్ వేసి, నాన్న గొంతుతో అందుకున్నాను. "రండి రండి రండి! పరలోకం, పరలోకం, పరలోకం! మధ్యలో ఎక్కడా ఆగదు! ఖాళీ సీట్లున్నాయమ్మా, లోపలికి జరగండి! బాబాయ్, ఆ పాపాల మూట పైన పెట్టు, దారిలో అడ్డం పెట్టకు!" పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు తలకెక్కి, నాన్న పాడే కీర్తనే ఎత్తుకుని, పైకి వెళ్లేచోట కావాలని గొంతు చీల్చి, ఆగి, ఎక్కిళ్లు పెట్టి మళ్లీ అందుకున్నాను. అప్పటికి నవ్వులు ఆగిపోయాయని నాకు తెలీలేదు. తిరిగి చూస్తే నాన్న. పిల్లలు ఎదురుచూస్తుంటారని ఇంటికి కూడా వెళ్లకుండా ఖాకీ బట్టల్తోనే వచ్చేశాడు.

అంతకుముందు ఎన్నడూ నా మీద చెయ్యి ఎత్తని మనిషి. కొట్టింది ఒక్కటే దెబ్బ. అరచెయ్యి వెడల్పుగా తెరిచి, సరిగ్గా చెవి మీద. లోపల టప్పుమని ఏదో పగిలినట్టయి, తర్వాత గుయ్యిమని ఒకటే మోత. నాన్న పెదాలు కదులుతున్నాయి గాని ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. ఏమీ అనలేదని తర్వాత పిల్లలు చెప్పారు.

ఇంట్లో అప్పుడు అమ్మమ్మ ఉంది. ఆవిడది దివిసీమ, నాగాయలంక పక్కన పల్లె. పిల్లది చెవి పట్టుకుని ఏడుస్తుంటే ఆవిడ ఊరుకుంటుందా? నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి, అవి ఎర్రబడేదాకా కాచి, గోరువెచ్చన చేసి, నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని చెవి నిండా పోసింది. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు చెవిలో జిల్లుమంటుంది. నూనె చెవిలోంచి గొంతులోకి దిగినట్టయి, "చేదుగా ఉందే అమ్మమ్మా" అన్నాను. "దిగనీ, మంచిదే" అంది. మర్నాడు ఆదివారం. ఆదివారం తలంటు తప్పడానికి మా ఇంట్లో ఎవరికీ వీల్లేదు. అమ్మ కుంకుడు పులుసుతో తల రుద్ది, చెంబులతో గుమ్మరించింది. రెండు రోజులు తిరక్కముందే చెవి కారడం మొదలైంది. దిండు మీద పచ్చటి మరకలు, దగ్గరికొస్తే వాసన. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల బెంచీ చివరికి జరిగింది.

బందరులో ఒక పెద్ద డాక్టరుగారున్నారని నాన్నతో పనిచేసేవాళ్లెవరో చెప్పారు. నలుగురం బయల్దేరాం. ఆ గదిలో స్పిరిట్ వాసన, నుదుటి మీద గుండ్రటి అద్దం కట్టుకున్న ముసలాయన. "ఎలా అయింది?" అని ఆయన అడిగారో లేదో, "మెట్ల మీద జారిపడిందండీ" అంది అమ్మ. "చెవిలో పురుగు దూరింది బాబూ" అంది అమ్మమ్మ అదే క్షణంలో. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నేను కొట్టానండి."

డాక్టరుగారు అద్దం పైకెత్తి ఆయన్ని చూశారు. "అరచేత్తోనా?"

"అవునండి."

"తర్వాత చెవిలో ఏమైనా పోశారా?"

అమ్మ గోడవైపు చూసింది. అమ్మమ్మ పైకప్పుకేసి, తిరుగుతున్న ఫ్యాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది. డాక్టరుగారు నవ్వలేదు, తిట్టనూ లేదు. దూది చుట్టిన సన్నటి పుల్లతో చెవి శుభ్రం చేసి, లోపల చూసి, చిల్లు పడిందన్నారు. మోగే ఇనప కడ్డీ ఒకటి చెవి దగ్గరా చెవి వెనకా పెట్టి ఎక్కడ ఎక్కువ వినబడుతోందో అడిగారు. "కోత వద్దు, కుట్లు వద్దు. మనం అడ్డు రాకపోతే ఈ పొర చాలావరకు దానంతటదే అతుక్కుంటుంది. మీరు అడ్డొచ్చారు. ఇప్పుడు ముందు చీము తగ్గాలి. చుక్కల మందు రాసిస్తాను. అంతకుమించి చెవిలోకి నీళ్లు వద్దు, నూనె వద్దు. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. చెవిని పొడిగా ఉంచడమే వైద్యం."

నాన్న చేతులు కట్టుకుని అడిగాడు. "కాలవలో ముంచొచ్చాండి? ఒక్కసారే. బాప్తిస్మం."

"చిల్లు మూసుకునేదాకా ఒక్క చుక్క కూడా లోపలికి పోకూడదండీ. నేను చెప్పేదాకా ఆ మాట మర్చిపోండి."

ఆ ఏడు నాతోటి పిల్లలందరూ కాలవలో దిగారు. నేను గట్టు మీద, చెవిలో దూది పెట్టుకుని నిలబడ్డాను. పెట్టెలో దుప్పట్లో తెల్ల ఓణీ అలాగే ఉండిపోయింది.

తప్పు నాదంటే నాదని మా ఇంట్లో ముగ్గురూ పోటీ పడటం అప్పట్నుంచే మొదలైంది. నీళ్లు నేను పోశానని అమ్మ, నూనె నేను పోశానని అమ్మమ్మ. వాళ్లిద్దరూ ఎంత దెబ్బలాడుకున్నా నాన్న మధ్యలో "మీరు పోసింది చిల్లు పడ్డాకేగా" అనేసి ఇద్దరి నోళ్లూ మూయించేవాడు. నాలుగో తప్పు నాదని మాత్రం ఎవరూ అనలేదు. అంటే బాగుండేది. దెబ్బ తిన్నాను గనక నా లెక్క చెల్లిపోయిందని నాకు నేను చెప్పుకునేదాన్ని. చెల్లలేదని ఆదివారం వచ్చేసరికి తెలిసేది. నాన్న పాడటం మానేశాడు. చర్చిలో పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడేవాడు. ఎన్నడూ తెరవని పుస్తకం. పాట వేరే ఆయన ఎత్తుకునేవాడు. ఆయన గొంతు ఎక్కడా చీలేది కాదు. అంత నున్నటి పాట విని నాకు చచ్చేంత సిగ్గేసేది.

ఇంకొకటి కూడా మానేశాడు. నెలలో మొదటి ఆదివారం బల్ల. రొట్టె పళ్లెం వరసలో చేతులు మారుతూ వచ్చేది. నాన్న దాన్ని అందుకుని, ముట్టుకోకుండా, పక్కాయనకి అందించేవాడు. మాలో అది చిన్న విషయం కాదు. మనసులో పాపం ఉన్నవాడు, ఎవరితోనైనా గొడవపడి సమాధానపడనివాడు అలా పంపించేస్తాడు. ఆ మనిషి ఏం చేశాడోనని సంఘమంతా మనసులో వెతుక్కుంటుంది. నాన్న వెతుక్కోనివ్వలేదు. అడిగినవాళ్లందరికీ "పిల్లని కొట్టానండి, చెవి పోయింది" అని చెప్పేసేవాడు. బస్సులో తోటి కండక్టరు "ఏంటన్నా, పాపకి చెవిలో దూది?" అంటే ప్రయాణికులందరికీ వినబడేలా అదే జవాబు. అమ్మకి ప్రాణం చచ్చిపోయేది. "జలుబు చేసిందని చెప్తే ఏం పోయింది మీకు?" అనేది. "జలుబేం చేసింది పాపం, దానిమీద పెట్టడానికి" అనేవాడు.

ఒక సాయంత్రం అయ్యగారు ఇంటికొచ్చారు. నేను గడప దగ్గర కూర్చుని చదువుకుంటున్నాను. చెడ్డ చెవి వీధివైపు, మంచి చెవి వాళ్లవైపు ఉందని వాళ్లిద్దరూ గమనించలేదు.

"పళ్లెం ఎన్నాళ్లు పంపించేస్తారు?" అన్నారు అయ్యగారు.

"దానికి బాప్తిస్మం అయ్యేదాకానండి. దాన్ని ఆపింది నేను. అది తీసుకున్ననాడే నేనూ తీసుకుంటాను."

"పిల్లని అడిగారా?"

"ఏం అడగాలండి?"

"క్షమించమని."

నాన్న భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ మడతపెట్టాడు. "కూతుర్నాండి?" అన్నాడు చివరికి. ఆ గొంతులో పొగరు లేదు. ఆ పని ఎలా చేస్తారో తెలియనితనమే ఉంది. నేను పుస్తకంలోకి తల దూర్చేశాను. ఆయన నన్ను అడుగుతాడేమోనని ఒకటే భయం. అడిగితే నేను కూడా అడగాల్సి వస్తుంది మరి. ఇప్పుడు మా అబ్బాయి తన కూతురికి రోజుకి పదిసార్లు సారీ చెప్తాడు. పాలు ఒలికితే సారీ, బొమ్మ తొక్కితే సారీ. ఆ పిల్ల కూడా అంతే తేలిగ్గా "ఓకే డాడీ" అనేస్తుంది. వింటుంటే నాకు వాళ్ల మీద అసూయగానూ ఉంటుంది, ఆ మాట అంత చవకైపోయిందేమిటా అని దిగులుగానూ ఉంటుంది. మా ఇంట్లో ఆ మాట పెట్టెలో పెట్టిన తెల్ల ఓణీ లాంటిది. ఉందని అందరికీ తెలుసు, తీసి కట్టుకున్నవాళ్లు లేరు.

మాటకి బదులు నాన్న పనులు చేసేవాడు. ఎప్పుడూ నా ఎడమ పక్కనే నడిచేవాడు, అటునుంచి వచ్చే బళ్లు నాకు వినబడవని. బస్సులో చెవికి గాలి తగలకుండా తన తువ్వాలు తలకి కట్టేవాడు. స్నానానికి వెళ్లేముందు దూదికి వాజలైన్ రాసి, ఉండలా చేసి నా చేతిలో పెట్టేవాడు. చెవిలో మాత్రం తను పెట్టేవాడు కాదు. నా మొహం దగ్గరికి చెయ్యి తేవడమే మానేశాడు. నా బుగ్గ మీద దోమ వాలితే "చిట్టీ, దోమ" అని చెప్పేవాడు తప్ప తోలేవాడు కాదు.

దసరా సెలవులకి అమ్మమ్మ నన్ను దివిసీమ తీసుకెళ్లింది. అప్పటికి చీము తగ్గింది గాని చిల్లు అలాగే ఉంది. ఊళ్లో పిల్లలు పాలకాయతిప్ప వెళ్తుంటే మేమిద్దరం కూడా వెళ్లాం. వాళ్లు సముద్రంలో గంతులేస్తుంటే నేను ఇసకలో కూర్చున్నాను. అమ్మమ్మ కొంగు నా చెవిమీద కప్పి, గాలి పీకెయ్యకుండా చేత్తో పట్టుకుని పక్కనే కూర్చుంది. చేపల వాసన, ఉప్పు గాలి, మా ఇంట్లో ముట్టించడానికి వీల్లేని ఆవిడ చుట్ట వాసన. "నా చేత్తో ఎంతమంది చెవుల్లో పోశానో ఆ నూనె" అంది ఉన్నట్టుండి. "అందరికీ తగ్గిందే అనుకున్నా. తగ్గనోళ్లు నాకు చెప్పలేదేమోనే."  ఊళ్లో ఒకావిడ ఉండేది, చిన్నప్పట్నుంచీ చెవుడు. అమ్మమ్మకి నేస్తం. ఆవిడ గుర్తొచ్చిందని నాకర్థమైంది. ఆ తర్వాత అమ్మమ్మ ఎవరి చెవిలోనూ చుక్క నూనె వెయ్యలేదు.

సెలవులయ్యాక మళ్లీ బందరు. డాక్టరుగారు చూసి, "దీని అంచులు ముదిరిపోయాయి. గాయం మానిపోయిందనుకుని ఊరుకుంది పొర. ఇంకా మానలేదని దానికి గుర్తుచెయ్యాలి" అన్నారు. సన్నటి తీగ చివర దూది పోగు చుట్టి, యాసిడ్‌లో ముంచి, చిల్లు అంచులకి తాకీ తాకనట్టు తాకిస్తారట. అంచులు మళ్లీ పచ్చి గాయంలా అయి పెరగడం మొదలెడతాయి. పెరిగే చర్మానికి ఆధారంగా పైన పల్చటి కాయితం అతికించాలి. అన్నీ చెప్పి నాన్నవైపు తిరిగారు. "ఎదురుగా కిళ్లీ కొట్టుంది. ఒక సిగరెట్టు తీసుకురండి."

నాన్న బిత్తరపోయాడు. మా సంఘంలో సిగరెట్టు ముట్టుకోవడం కూడా తప్పే. పొగతాగేవాడి పక్క సీట్లో కూర్చోవాల్సొస్తే నిలబడి ప్రయాణం చేసే రకం ఆయన. "మాకు అలవాటు లేదండి" అన్నాడు. "నాక్కూడా లేదు. దాని కాయితం కావాలి. అంత పల్చటిది, గట్టిది ఇంకోటి దొరకదు," అన్నారు డాక్టరుగారు. కిటికీలోంచి నేను చూస్తున్నాను. నాన్న రోడ్డు దాటి, అటూ ఇటూ చూసి, కొట్టువాడి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. వాడు సిగరెట్టు ఇచ్చి, వెలిగించుకోమని కొట్టుకి వేలాడుతున్న కాలే తాడు చూపించాడు. నాన్న రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "చెవికండీ, చెవికి!" అన్న అరుపు నా మంచి చెవికి రోడ్డవతల నుంచి వినబడింది. కొట్టువాడు సిగరెట్టు చెవికేం చేస్తుందోనని ఆయన వెళ్లినవైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ ఏడాది మొత్తంలో నేను మనసారా నవ్వింది అప్పుడే. నవ్వి, మళ్లీ ఆయన్ని చూసే నవ్వానని గుర్తొచ్చి ఆపేశాను.

యాసిడ్ తగిలినప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాన్న బల్ల అంచు పట్టుకున్నాడు. డాక్టరుగారు సిగరెట్టు విప్పి, పొగాకు దులిపి, కాయితాన్ని స్పిరిట్‌తో తుడిచి, కందిగింజకన్నా కాస్త పెద్దగా కత్తిరించి, తడిపి, లోపలికి దించారు. అంతే. గదిలో ఫ్యాన్ కిర్రుమంది. వీధిలో సైకిలు బెల్లు ఎడమవైపు నుంచి మోగింది. పక్కన నాన్న ఊపిరి, ముక్కులోంచి బరువుగా, ఎగపోస్తూ. "నాన్నా, నీ ఊపిరి వినబడుతోంది" అన్నాను. ఆయన గభాలున బయటికి వెళ్లిపోయాడు. ఇది కాయితం వినిపిస్తున్న వినికిడేనని, చర్మం రావాలంటే టైము పడుతుందని డాక్టరుగారు అమ్మకి చెప్తున్నారు.

ఆ కాయితం ఎన్నాళ్లో ఉండలేదు. పరీక్షలో తుమ్మొస్తే, నోరు తెరిచి తుమ్మడానికి సిగ్గుపడి నోరు మూసుకుని తుమ్మాను. మళ్లీ బందరు, మళ్లీ యాసిడ్, మళ్లీ సిగరెట్టు. కొన్నిసార్లయ్యాక కిళ్లీ కొట్టువాడు నాన్నని చూడగానే "చెవికేనా బాబాయ్?" అని తనే తీసి ఇచ్చేవాడు. కాయితం మార్చిన ప్రతిసారీ చిల్లు కాస్త చిన్నదయ్యేది. ఇప్పుడైతే ఒక పూటలో ఆపరేషన్ చేసి పంపించేస్తారట, మంచిదే. కానీ ఇంటిల్లిపాదీ ఒక పొర పెరగడం కోసం అన్ని నెలలు ఊపిరి బిగబట్టి ఎదురుచూడటం ఇప్పటివాళ్లకి చెప్పినా నమ్మరు. రెండో పంట నీళ్లు కాలవలో ఇంకా పారుతుండగానే డాక్టరుగారు "మూసుకుంది" అన్నారు. దూది గట్టిగా పెట్టి, పైనుంచి చెవి అదిమి పట్టుకుంటే ఒక్కసారి ముంచొచ్చన్నారు.

ఈస్టరుకి ముందు బాప్తిస్మం. కాలవగట్టు మీద సంఘమంతా నిలబడి ఉంది. నేను తెల్ల ఓణీలో నీళ్లలోకి దిగాను. అయ్యగారు నడుములోతులో నిలబడి చెయ్యి చాపారు. నా ముక్కు మీద రుమాలు ఒక చేత్తో పట్టుకోవాలి, వీపు కింద రెండో చెయ్యి. నా చేతులేమో గుండెల మీద జోడించి ఉంచాలి, చెవి పట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి మిగల్లేదు. "ఎవరైనా రావాలి" అన్నారు గట్టువైపు చూస్తూ. నాన్న పంచె ఎగగట్టుకోకుండానే దిగిపోయాడు.

"నేను పట్టుకోనాండి?" అన్నాడు అయ్యగార్ని. చూపు మాత్రం నా వైపుంది.

నేను తలూపాను. నాన్న కుడిచెయ్యి నీళ్లలోంచి పైకి లేచింది, వెడల్పుగా, అరచెయ్యి తెరుచుకుని, నా ఎడమ చెవి వైపు. నా ప్రమేయం లేకుండానే నా తల పక్కకి తప్పుకుంది. కళ్లు మూసుకుపోయాయి, భుజం పైకి లేచింది. మనసు ఒప్పుకున్నా ఒళ్లు ఒప్పుకోలేదు. కళ్లు తెరిచేసరికి ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయి ఉంది. నీళ్లు మోచేతిదాకా కారుతున్నాయి. నాన్న మొహం నేను అలా ఎన్నడూ చూడలేదు. చెయ్యి దించబోయాడు. నేను ఆ మణికట్టు పట్టుకుని, లాగి, చెవిమీద పెట్టుకున్నాను. గట్టిగా అదుముకున్నాను. అయ్యగారు వెనక్కి వాల్చారు. నీళ్లు మూసుకున్నాయి. లోపల ఏ చప్పుడూ లేదు. చెవికి ఆనుకున్న నాన్న చెయ్యి ఒక్కటే తెలుస్తోంది.

ఒక మనిషి నీళ్లలోంచి లేచాక గట్టు మీదవాళ్లు ఒక చరణం పాడాలి. ఆ ఏడంతా పాట ఎత్తుకున్న ఆయన గొంతు సవరించుకుని, ఏమనుకున్నాడో ఆగి, నాన్న వైపు చూశాడు. నాన్న నీళ్లలో నిలబడే ఎత్తుకున్నాడు. కొన్ని నెలలుగా వాడని గొంతు. కిందే తడబడింది. పైకి వెళ్లేచోట ఎప్పటిలాగే చీలింది, ఇంకా ఎక్కువగానే చీలింది. నేను చెవిలోంచి దూది తీసేశాను. లోపలివైపు పొడిగా ఉంది. రెండు చెవులతో విన్నాను. గట్టు మీద ఎవరూ నవ్వలేదు. ఆ వారం బల్లలో పళ్లెం వచ్చినప్పుడు నాన్న తన ముక్క తీసుకుని, నాకు అందించాడు.

క్షమించమని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. నాన్న పోయి చాలాకాలమైంది, ఇక అడిగేవాళ్లు లేరు. దెబ్బ సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను. గాలిలో ఆగిపోయిన ఆ చెయ్యే మర్చిపోలేకపోతున్నాను. ఆయన కొట్టింది ఒక్కసారే. నేను తల తప్పుకోవడం మాత్రం ఆయన పోయేదాకా ఆయనకి కనబడుతూనే ఉండి ఉంటుంది. నా పెళ్లిలో తల మీద చెయ్యి పెట్టి దీవించేటప్పుడు కూడా ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, అప్పుడు దిగింది.

"ఎవరు చేశారండీ ఇది?" అని డాక్టరమ్మ మళ్లీ అడిగింది, టీవీ మీద ఆ పల్చటి చోటు చూపిస్తూ.

"మా నాన్న," అన్నాను.

"ఓ! నాన్నగారు కూడా చెవి డాక్టరేనా?"

"కాదమ్మా. బస్సు కండక్టరు."

డాక్టరమ్మ కెమెరా పక్కన పెట్టింది. నాకు సరిగ్గా వినబడలేదనుకుందేమో, కుడి చెవి వైపు వచ్చి వంగి, అదే ప్రశ్న కాస్త గట్టిగా అడిగింది. నేనూ కాస్త గట్టిగానే చెప్పాను.

"మా నాన్నేనమ్మా."